మల్లన్న ముందర ఎనభై ఆరు గోలీలు

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో ఒకచోట నేను గట్టిగా అరుస్తాను, ఆ అరుపు తిరిగొచ్చి నా నెత్తినే పడుతుంది. పేరు నాగేశ్. సిద్దిపేటలో పాత బస్టాండు పక్క సందులో చిన్న శాంపిల్ సెంటర్ నాది. రక్తం తీస్తాను, గొట్టాల్లో నింపుతాను, ఐసుపెట్టెలో పెట్టి హైదరాబాద్ ల్యాబులకు పంపిస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఊళ్లో సగం మంది చేతులు నేను పట్టుకున్నవే. మనుషుల పేర్లు మరిచిపోతాను గానీ, ఎవరికి నరం ఎక్కడ దొరుకుతుందో మరిచిపోను.

అనసూర్య అక్కకు ఎడమ చేతిలో నరం దొరకదు. కుడి చేతికే తీయాలి, అదీ మోచేతి మడతకు కాస్త పైన. పద్నాలుగేళ్లలో ఆ చేతికి యాభైసార్లకు పైనే సూది గుచ్చి ఉంటాను. అందరిలా మొహం పక్కకు తిప్పుకోదు. సూది దిగుతున్నంతసేపూ చూస్తూ, "ఈసారి నల్లగొస్తున్నదేంది తమ్మీ?" అనో, "పోయినసారి గింత సేపు పట్టలే" అనో ఏదో ఒక వంక పెడుతుంది. వంకలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈమె మీద మాత్రం ఎందుకో మండదు.

మొదటిసారి వచ్చింది 2011 ఎండాకాలంలో. అప్పుడు నేను ఇంకొకరి ల్యాబులో జీతానికి చేస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పక్కన నాలుగో తరగతి చదివే కూతురు సుచిత్ర. భర్త బుచ్చయ్య మగ్గం మీద గొల్లభామ చీరలు నేస్తాడు, ఈమె ఇంటిపని చేసుకుంటూ దారం కండెలు చుట్టి ఇస్తుంది. "రెండు బుక్కలు తింటె సాలు, కడుపుల బండ పెట్టినట్టు అయితున్నది. నాలుగడుగులు నడిస్తె ఆయాసం" అంది. అంతకుముందు చూసినవాళ్లంతా గ్యాస్ అన్నారట. ఆర్నెల్లు గ్యాస్ గోలీలే మింగిందట.

రక్తం మిషన్లో పెడితే తెల్లకణాలు రెండు లక్షల ఎనభై వేలు చూపించింది. ఉండాల్సింది పదకొండు వేల లోపు. మిషన్ను తిట్టుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ అదే లెక్క. అప్పుడు పక్కన నిలబెట్టి ఉంచిన గొట్టం వంక చూశాను. ఎర్రటి రక్తం మీద, పాల మీద మీగడ కట్టినట్టు, తెల్లగా మందంగా ఒక పొర తేలి ఉంది. మిషన్ తప్పు చెప్పలేదు. బయట బెంచీ మీద కూతురు జడ అల్లుతూ కూర్చున్న మనిషికి ఆ కాగితం ఎలా ఇవ్వాలో నాకు తోచలేదు.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఎముక మూలుగ తీసి చూసి, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అన్నారు. రక్తానికి వచ్చే ఒక రకం క్యాన్సర్. అప్పుడే కొత్తగా చేరిన డాక్టర్ నవనీత వీళ్లకు అర్థమయ్యేలా చెప్పిందట. మూలుగలో కణం లోపల పోగుల్లాంటివి ఉంటాయి, వాటిలో రెండు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంది, ఆ అతుకు వల్లే తెల్లకణాలు ఆగకుండా పుడుతున్నాయి, ఆ అతుకును కదలకుండా పట్టి ఉంచే గోలి ఒకటి ఉంది, రోజుకొకటి వేసుకోవాలి అని. నేతపని ఇంటివాళ్లకు ఇంతకన్నా తేటగా ఎవరు చెబుతారు? బుచ్చయ్య వెంటనే తల ఊపాడట. "ఎన్ని రోజులు ఏసుకోవాలె?" అని అక్క అడిగితే, "బతికినన్ని రోజులు" అందట డాక్టరమ్మ. అవి ఎన్ని రోజులో ఎవరూ అడగలేదు.

ఆ గోలి ఆమెను నిలబెట్టింది. మూడు నెలల్లో కడుపులో బండ కరిగింది, తెల్లకణాలు దారికొచ్చాయి. అంతటితో అయిపోలేదు. ఆ తప్పు అతుకు రక్తంలో ఇంకా ఎంత మిగిలిందో లెక్కపెట్టే పరీక్ష వేరే ఉంది. దాని లెక్క నూటికి ఇంత అని వస్తుంది. సున్నా చుక్క ఒకటి అంటే వెయ్యికి ఒకటి మిగిలినట్టు. చుక్క తర్వాత రెండు సున్నాలు పడి ఆపైన రెండో మూడో ఉంటే లక్షకు రెండు మూడు. ఇదంతా నేను కాగితం మీద గీతలు గీసి వివరిస్తుంటే అక్క కాసేపు విని, "చుక్క ఎన్క సున్నలెన్ని ఉంటె అంత మంచిదన్నట్టు" అని తేల్చేసింది. ఆ తర్వాత రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఫోన్లో ఒకటే ప్రశ్న: "సున్నలెన్ని తమ్మీ?"

ఐదేళ్లకు ఒక సున్నా వచ్చింది. పదేళ్లకు రెండు వచ్చాయి. 2021 నుంచి ఆ రెండూ కదల్లేదు. ఈలోపు సుచిత్ర డిగ్రీ చదివింది, పెళ్లి చేసుకుని గజ్వేల్‌లో ఉంటోంది. కూతురు పెద్దమనిషి కావడం కూడా చూస్తానో లేదో అని 2011లో ఏడ్చిన మనిషి, కూతురి సీమంతానికి నాకు ఫోన్ చేసి, అన్నానికి రాలేదని వారం రోజులు అలిగింది.

గోలి ఊరికే మేలు చేసి ఊరుకోలేదు. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు. పిక్కలు పట్టేస్తాయి. వేసుకున్న గంట నుంచి రాత్రి దాకా కడుపులో తిప్పుతుంది. మొదటి నెలలో ఖాళీ కడుపున వేసుకుని రోజూ కక్కుకుంటుంటే, నేనే ఒక అట్టముక్క తెచ్చి, స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి, పొయ్యి పక్కన గోడకు కొట్టి వచ్చాను. అక్క మూడో తరగతి దాకానే చదివింది, కూడబలుక్కుని చదువుతుంది. అందుకని మూడే మాటలు రాశాను. తిన్న తర్వాతే వేసుకోవాలి. రోజూ పొద్దున ఒకే టైముకు వేసుకోవాలి. ఒకరోజు తప్పితే మరునాడు రెండు కలిపి వేసుకోవద్దు. ఎంత బాగా రాశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆమె ఆ అట్టముక్కను బడిపిల్లలా పాటించింది. దవాఖానలో "గోలీలు తప్పుతున్నాయా?" అని అడిగిన ప్రతిసారీ, "ఒక్కటి తప్పలే" అనేది. అది అబద్ధం కాదు. సుచిత్ర పెళ్లినాడు కూడా మంగళసూత్రం వేళకు ముందు రెండు ఇడ్లీలు తిని గోలి వేసుకుని వచ్చి నిలబడింది. డాక్టరమ్మ కొత్తగా వచ్చిన రోగులకు ఈమెను చూపించి, "ఇట్లా ఉండాలి" అని చెప్పేది. ఆ మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

2024 జులైలో ఆమెతో నేనూ హైదరాబాద్ వెళ్లాను. నా పని నాకుంది, బస్సులో తోడు ఆమెకు. ఆ రోజు డాక్టరమ్మ రిపోర్టులన్నీ వరసగా పరిచి చూసి, "ఇంకో ఏడాది ఇట్లనే ఉంటే, గోలి ఆపి చూద్దాం అమ్మా" అంది. ఇన్నేళ్లు ఇంత లోతుకు దిగిపోయినవాళ్లు కొందరు గోలి ఆపినా బాగానే ఉంటున్నారని, దాదాపు సగం మందికి రోగం తిరిగి రాలేదని, వస్తే మళ్లీ గోలి మొదలుపెడితే చాలామందిలో లొంగుతుందని చెప్పింది. అక్క ఆ సగం సంగతి విన్నట్టు లేదు. "అయితె గోలి లేకుంట ఉండొచ్చా?" అంది. డాక్టరమ్మ ఔనంది. మళ్లీ అదే అడిగింది. తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి మూడోసారీ అడిగింది.

బస్సు గజ్వేల్ దాటింది. తర్వాత, "కొమ్రెల్లి మల్లన్నకు మొక్కిన తమ్మీ. గోలి ఆగిననాడు పోయి పట్నం ఏపిస్త" అంది. కొమురవెల్లి గుళ్లో రంగుల పొడులతో పెద్ద ముగ్గు పరిచి చేయించే పూజ అది. మంచిదే కదా అన్నాను. ఆ మొక్కులో ఇంకో సగం ఉందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

జనవరిలో రిపోర్టు వచ్చింది. ఒక సున్నా పోయింది. "ల్యాబులల్ల అటూఇటూ అయితయ్ అక్కా, పరేషాన్ కావద్దు" అన్నాను. ఏప్రిల్‌లో మళ్లీ తీశాను. సున్నా చుక్క ఒకటి ఎనిమిది. ఫోన్ రెండోసారి మోగితే గానీ ఎత్తలేదు.

"సున్నలెన్ని తమ్మీ?"

"రిపోర్టయితె వచ్చిందక్కా."

"చెప్పవేంది? లేవా?"

"లేవక్కా."

అవతల మగ్గం చప్పుడు వినిపిస్తుండగానే ఫోన్ పెట్టేసింది.

డాక్టరమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది, గోలీలు తప్పుతున్నాయా అని. ఈమె మళ్లీ అదే జవాబు చెప్పింది, ఒక్కటి తప్పలే అని. పద్నాలుగేళ్లుగా ఒక్కటి తప్పని మనిషి మాట, ఎవరైనా నమ్ముతారు. అలాంటప్పుడు గోలికే రోగం లొంగడం మానేసిందని అనుకోవాలి. ఆ అతుకు గోలికి లొంగకుండా మారిందో లేదో చూడటానికి ఇంకో పరీక్ష రాసి, మే పద్నాలుగున రమ్మంది. గోలి మార్చాల్సి రావచ్చని, కొత్తది ఇంకా గట్టిదని, కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుందని, గుండె చూసి ఇవ్వాలని చెప్పింది. ఆపే మాట ఎత్తనేలేదు. ఈ జబ్బుకు గోలీలు లెక్కపెట్టినన్నే ఉన్నాయని నాకు తెలుసు. ఒకటి పోతే ఇంకోటి, అదీ పోతే ఇంకోటి. అవన్నీ అయిపోతే మళ్లీ ఆ మీగడ కట్టిన గొట్టమే. అక్క కూడా అదే అనుకుంటోందని ఆమె మొహంలో కనిపించింది.

ఆ పరీక్షకు రక్తం తీయడానికి ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన వాళ్లింటికే వెళ్లాను. మామూలుగా ఆమె మంగళవారం నా సెంటర్‌కు వస్తుంది. ఈసారి తొందరగా చేరాలని సోమవారం పొద్దున్నే నేనే పోయాను. గొట్టం నింపి, మూత బిగించి, ఐసులో పెట్టాను. అక్క నాకు చాయ్ తెచ్చింది. తను తాగలేదు.

"నువ్వు తాగవా?"

"ఇయ్యాల సోమారం గద తమ్మీ. ఒక్కపొద్దు."

"మరి గోలి?"

"రేపు ఏసుకుంట."

ఎంత నింపాదిగా చెప్పిందంటే, నేను ఇంకో గుక్క చాయ్ తాగాక గానీ ఆ మాట నా బుర్రకు ఎక్కలేదు. గ్లాసు కింద పెట్టాను.

"ఎన్ని సోమారాల సంది?"

"ఆషాఢంల సురువు చేసిన. ఆదివారం మల్లన్నది, సోమారం శివునిది. గోలి ఆగేదాక ఉంట అని మొక్కిన."

అప్పుడు అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేదు. "వారంల రెండు గోలీలు ఎగ్గొడితివా! గా డాక్టరమ్మ ముందట ఒక్కటి తప్పలే అని ఎట్ల చెప్పినవ్! చదువు లేకపాయె, అడగనన్న అడుగవైతివి!" అన్నంతవరకు గుర్తుంది. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. బుచ్చయ్య మాత్రం మగ్గం ఆపలేదు. ఆయన ఎనిమిదేళ్లు భివండీలో పవర్‌లూముల మధ్య పనిచేసి వచ్చినవాడు. రెండు చెవులూ అక్కడే వదిలేసి వచ్చాడని ఊళ్లో అంటారు.

అక్క నా అరుపు అయిపోయేదాకా నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి, పొయ్యి పక్కనున్న అట్టముక్క పీకి తెచ్చి, నా ఒళ్లో పెట్టింది. నూనె మరకలు పడి, పొగచూరి ఉంది.

"సదువు. నువ్వు రాసిందే గద. తిన్నంకనే ఏసుకోవాలన్నవు. ఒక్కపొద్దునాడు పొద్దుగాల తినను, మరి ఎట్ల ఏసుకోవాలె? పొద్దుగాల ఒక్కటే టైముకన్నవు. మాపటికి తింట, గని గప్పటికి టైము దాటిపాయె. తప్పితె తెల్లారి రెండు ఏసుకోవద్దన్నవు. ఏసుకోలే. దీంట్ల నేను తప్పిందేడున్నదో చూపియ్."

చదివాను. మూడు మాటలూ అక్షరం పొల్లుపోకుండా పాటించింది. నేను రాయని మాట ఒక్కటే, ఏ ఒక్క రోజూ మానొద్దని. అది రాయాల్సిన మాట అని నాకు ఆనాడు తోచలేదు. చదువు లేదని నేను అరిచింది ఈమె మీద.

"మరి డాక్టరమ్మకు ఒక్కటి తప్పలే అని ఎందుకన్నవక్కా?" అన్నాను, గొంతు దించి.

"మరిచిపోతె తప్పినట్టు. నేను మర్వలే. దేవునికి ఇడిసిన."

దేవుని అర దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. మల్లన్న పటం ముందర ఒక స్టీలు డబ్బా. మూత తీస్తే గోలీలు. కత్తెరతో ఒక్కొక్కటీ రేకుతో సహా కత్తిరించి, పసుపు బొట్టు పెట్టి, పేర్చి ఉన్నాయి. ఎనభై రెండు. "మందును పారేస్తమా? గోలి ఆగినంక దవాఖానలనే ఇచ్చొస్తనుకున్న, ఇంకెవలకన్న అక్కెరకొస్తయని" అంది.

డాక్టరమ్మకు చెప్పమన్నాను. చెప్పనంది. ఎంత బతిమాలినా చెప్పనంది.

"ఒక్కపొద్దులుండి రోగం తెచ్చుకున్నదని నవ్వుతరు. నా మీద నవ్వితె నవ్వనీ, మల్లన్న మీదికి పోతది గా మాట. గా దేవునికి మొక్కినంకనే సున్నలు పోయినయంటరు. ఆమెనేమో నన్ను అందరికి చూపిచ్చె, ఇట్ల ఉండాలె అని. ఇప్పుడు ఏ మొకం పెట్టుకోని చెప్పాలె?" తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు చెప్పినవా, నీ అక్క సచ్చినట్టే. ఒట్టు."

ఒట్టు పెట్టించుకునే మనుషులంటే కూడా నాకు ఒళ్లు మంటే. అయినా పెట్టాను.

అప్పుడు మగ్గం ఆగింది. బుచ్చయ్య లేచి వచ్చి, "ఏందట?" అన్నాడు. ఒక్కపొద్దుల సంగతి ఆయనకు తెలుసు, గోలీల సంగతి తెలియదు. చెవి దగ్గర నోరు పెట్టి మొత్తం చెప్పాను. కొత్త గోలి ఇస్తారని కూడా చెప్పాను. విని, డబ్బాలో గోలీలను వేలితో కదిపి చూశాడు.

"కొత్త గోలి ఇస్తె, గది గుడ ఆదివారం సోమారం దేవునికేనా?" అన్నాడు భార్యతో.

ఆమె మల్లన్న పటం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"గది గుడ పనిచెయ్యకపాయె అనుకో. ఇంకోటి ఇస్తరు. గదీ గింతే. గట్ల ఎన్ని గోలీలు పెడ్తవు దేవుని ముందట?"

చెవిటివాళ్లు మాట్లాడినట్టే గట్టిగా అన్నాడు, కోపం లేదు. మళ్లీ వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అక్క డబ్బా మూత పెట్టింది. నాకు బస్సు టైమైంది.

మే పద్నాలుగున ముగ్గురం కాదు, ఇద్దరమే వెళ్లాం. బుచ్చయ్య మగ్గం మీది చీర దించే పనిలో ఉన్నాడు. బస్సులో అక్క గుడ్డ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెబుతావా అని నేను అడగలేదు, అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని. చెప్పకపోతే ఒట్టు తప్పి నేనే చెప్పేయాలని మాత్రం ప్రజ్ఞాపూర్ దగ్గర అనుకున్నాను. హైదరాబాద్ పొలిమేర వచ్చేసరికి ఆ ధైర్యం సగమైంది.

డాక్టరమ్మ కొత్త రిపోర్టు చూసి కళ్లద్దాలు తీసింది. "వింతగా ఉందమ్మా. గోలికి లొంగని మార్పు ఏదీ కనిపించలేదు. మార్పు లేకుండా లెక్క ఎందుకు పెరిగింది? సరే, ఆలస్యం చేయడం నాకు ఇష్టం లేదు. గోలి మార్చేద్దాం" అని కాగితం లాక్కుంది. పెన్ను మూత తీసింది. నేను అక్క వంక చూశాను. ఆమె కాగితం వంక చూస్తోంది. మొదటి అక్షరం పడింది. నేను నోరు తెరిచాను.

అంతలో అక్క సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఆ కాగితం మీదే పెట్టింది.

డాక్టరమ్మ మూత తీసింది. ఒక గోలి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. వేళ్లకు పసుపు అంటింది.

"ఎనభై ఆరున్నయి మేడం" అంది అక్క. "ఆదివారాలవి, సోమారాలవి. ఒక్కపొద్దు ఉంటున్న. ఒక్కటి తప్పలే అని మీకు చెప్పిన. గది అబద్ధం చెప్పాల్నని చెప్పలే. గని నిజం గుడ కాదు. గోలి మంచిగనే ఉన్నది మేడం, నేనే దానికి సెలవిచ్చిన." ఇంత అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎనభై ఆరు. అంటే నేను అరిచి వచ్చిన తర్వాత కూడా రెండు ఆదివారాలు, రెండు సోమవారాలు మానింది. మొక్కు మధ్యలో విడవడానికి అంత భయపడింది.

నవ్వుతుందేమో అనుకున్నాం గానీ డాక్టరమ్మ నవ్వలేదు. తిట్టలేదు కూడా. రాసిన కాగితం చింపేసింది. "ఒక్కపొద్దు నాడు ఎప్పుడు తింటావు?" అంది.

"పొద్దుగూకినంక. దీపం పెట్టి."

"అయితే గోలి కూడా అప్పుడే వేసుకో. ఏడు రోజులూ రాత్రి అన్నం తిన్నాకే. పొద్దున్నే వేసుకోవాలన్న రూలేం లేదు, రోజూ ఒకే టైము అయితే చాలు. నీ ఒక్కపొద్దు నీకుంటుంది, నీ గోలి నీకుంటుంది."

అర నిమిషం పట్టింది. పది నెలలు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చిన ముడి అది. నాకు సిగ్గేసింది. ఆ మాట చెప్పడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు, ఆ సోమవారం అరవడం ఆపి ఆలోచిస్తే నాకే తట్టేది.

"నా తప్పూ ఉందమ్మా" అంది డాక్టరమ్మ. "తప్పుతున్నాయా అని పద్నాలుగేళ్లు అడిగాను, ఒక్కపొద్దులుంటావా అని ఒక్కసారీ అడగలేదు." తర్వాత మెల్లగా చెప్పింది, గోలి నిజంగా ఇంకా పనిచేస్తోందో లేదో మళ్లీ పరీక్ష చేస్తే గానీ తెలియదని. లెక్క దిగితే ఇదే గోలి, దిగకపోతే మార్చక తప్పదు. రెండు సున్నాలు తిరిగి వచ్చినా, అక్కణ్నుంచి కనీసం రెండేళ్లు కదలకుండా ఉంటేనే ఆపే మాట. అక్క అన్నింటికీ తల ఊపింది. రెండేళ్లు అన్నప్పుడు మాత్రం తల ఊపడం మరిచిపోయింది.

ఆగస్టులో ఒక సున్నా వచ్చింది. నవంబర్‌లో రిపోర్టు శనివారం సాయంత్రం నా ఫోన్‌కు వచ్చింది. సున్నా చుక్క సున్నా సున్నా ఆరు. ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఆదివారం పొద్దుగూకే వేళకు బండేసుకుని వెళ్లాను. అక్క అప్పుడే దీపం పెట్టి, పళ్లెం ముందు కూర్చుంది. అన్నం, పప్పు, పచ్చిపులుసు. గడపలోంచే, "రెండు సున్నలక్కా! గోలి పనిచేస్తున్నది!" అని కేక పెట్టాను. బుచ్చయ్యకు రెండు వేళ్లు చూపించాను. ఆయన నోరంతా తెరిచి నవ్వి, నా భుజం మీద ఒక్కటి చరిచి, సుచిత్రకు ఫోన్ చేయడానికి బయటికి పోయాడు. ఫోన్లో ఆయన చెప్పేది సందు సందంతా వినపడుతోంది.

అక్క నవ్వింది. మల్లన్న పటం వైపు చూసి దండం పెట్టింది. తర్వాత అన్నం కలుపుతూ ఉండిపోయింది. రెండేళ్లెంత, ఇట్టే తిరిగిపోతాయి, అప్పుడు గోలి ఆపుతారు, కొమురవెల్లికి నేనూ వస్తాను అని నేను వాగుతూనే ఉన్నాను. ఆమె ఒక ముద్ద పెట్టుకుని, నమిలి నమిలి మింగింది.

"ఏందక్కా, సంతోషం లేదా?"

"సావు దూరం పోతె సంతోషం ఉండదా తమ్మీ. ఉన్నది." ఇంకో ముద్ద కలిపి, పళ్లెంలోనే వదిలేసింది. "ఒకమాట చెప్త. అరవకు."

అరవనన్నాను.

"గోలి ఏసుకోని రోజులల్ల నాకు ఆకలైతుండె."

నాకు అర్థం కాలేదు. ఆమె పళ్లెం వైపు చూస్తూనే చెప్పింది.

"పద్నాలుగేండ్ల సంది నేను గోలి కోసం తింటున్న. గోలి కడుపుల కూసోవాలంటె కింద ఇంత బువ్వ ఉండాలె, గందుకు తింటున్న. తింటె తిప్పుతది, తినకుంటె ఇంక తిప్పుతది. ఆకలంటె ఏందో మర్శిన. గా ఆదివారం, సోమారం మాత్రం పొద్దుగూకె యాళ్లకు కడుపు నకనకలాడుతుండె. గీ పచ్చిపులుసే, ఎంత కమ్మగ ఉంటుండెనో. మొక్కినందుకు మల్లన్న నాకు ఆకలి ఇచ్చిండనుకున్న. ఇప్పుడు రాత్రి ఏసుకుంటున్న గద, పొద్దందాక తిప్పుతనే ఉంటది. ఆకలి ఏ పూటా లేదు." పచ్చిపులుసు గిన్నె పక్కకు జరిపింది. "దేవుని కోసం ఉన్ననో, గా ఆకలి కోసం ఉన్ననో నాకే ఎర్కలేదు తమ్మీ. డాక్టరమ్మకు చెప్పనిది గదొక్కటే."

చదువు లేదని, మూఢనమ్మకమని, నా మనసులో ఇన్ని నెలలుగా ఆమెకు వేసిన పేర్లన్నీ గుర్తొచ్చాయి. నాకు సున్నాలు తెలుసు. వెయ్యికి ఎన్నో లక్షకు ఎన్నో తెలుసు. ఆ సున్నాల కోసం ఆమె రోజూ ఏం వదులుకుంటోందో పద్నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"గిదేంది, అరవద్దంటె ఏడుస్తున్నవ్" అని అక్కే నవ్వింది. పళ్లెంలో ఉన్నదంతా, ఒక్క మెతుకు వదలకుండా, మందు తాగినట్టు తినేసింది. చెయ్యి కడుక్కుంది. చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకుని, రేకులోంచి గోలి తీసి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని మింగింది. మొహం ముడుచుకుంది. గోడకు వీపు ఆనించి, అలాగే కళ్లు మూసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. యాభైసార్లు ఆమె రక్తం తీసినవాణ్ని, ఆమె గోలి మింగడం నేను చూడటం అదే మొదటిసారి.